నూట ఇరవై చీటీలు

మా ఆయనకు కోపం రాదు. ఇది మెచ్చుకోలుగా చెబుతున్నానని అనుకోకండి. ఇరవై ఏడేళ్ళుగా ఆ మనిషితో నిండుగా ఒక పోట్లాట పెట్టుకోవాలని చూస్తున్నాను, కుదరడం లేదు. నేను ఒకటంటే ఆయన రెండనాలి, అప్పుడు కదా పోట్లాట. ఈయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, నేను చదివిన నేరాల చిట్టాలోంచి రెండు ఏరి, ఈ రెండిట్లో నిన్ను ఎక్కువ బాధపెట్టింది ఏది అని అడుగుతాడు. చెబుతాను. అయితే దాన్ని మూడోదానితో పోల్చి చూడు అంటాడు. అక్కడికి వచ్చేసరికి నాకే నవ్వొస్తుంది. ఇంకేం పోట్లాట, నా మొహం.

ఆయన జూలో దాణా స్టోరు గుమాస్తా. నేను అదే జూలో గేటు దగ్గర టికెట్ల కిటికీలో కూర్చుంటాను. మాది పెద్ద జూ ఏమీ కాదు, చంటిపిల్లను ఎత్తుకుని నడిచినా రెండు గంటల్లో చుట్టి రావచ్చు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన గడ్డి మోపులు మోసే పనికి చేరాడు. లారీలో వచ్చిన మోపుల్లో ఏది మంచిదో, ఏది లోపల బూజు పట్టిందో అప్పట్లో ఎవరికీ సరిగా తెలిసేది కాదు. ఈయన రెండేసి మోపులు ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసి, తక్కువదాన్ని పక్కకు నెట్టేవాడు. పది మోపులు ఒక్కసారి చూపిస్తే మహా పండితుడైనా తికమక పడతాడు, రెండే చూపిస్తే పసివాడైనా చెబుతాడు అనేది ఆయన సిద్ధాంతం. అలా వాసన చూసీ చూసీ గుమాస్తా అయ్యాడు.

గడ్డితో ఆగినా బాగుండేది. మా ఇంట్లో కర్టెన్ల రంగు చీటీల మీదే తేలింది. మా అమ్మాయి పేరు కూడా అంతే. ఇంట్లో పెద్దవాళ్ళందరికీ పేర్లు రెండేసి చొప్పున చీటీల మీద రాసిచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా నచ్చినదానికి టిక్కు పెట్టమన్నాడు. మా అత్తగారు మొదటి పేరు రెండోదానికంటే బాగుందన్నారు, రెండోది మూడోదానికంటే బాగుందన్నారు, చివరికి మూడోది మొదటిదానికంటే బాగుందన్నారు. దీన్ని తిరగలి చీటీ అంటారమ్మా, ఎంత తిప్పినా ఉన్నచోటే ఉంటుంది, మళ్ళీ రాయి అని ఆవిడకు తిరిగిచ్చాడు. కన్నతల్లిని పట్టుకుని తిరగలి అంటాడా అని ఆవిడ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. పెళ్ళయిన కొత్తలో నేనూ ఒకసారి మంచి సమయం చూసి, నన్ను ఎవరితో పోల్చి చేసుకున్నారని అడిగాను. రెండోది దొరకలేదన్నాడు. అది పొగడ్తో తిట్టో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక మా తమ్ముడి సంగతి. వాడు ఎలుగుబంటి కీపరు. వాడు మాట్లాడితే గేటు దగ్గర నా కిటికీ దాకా వినిపిస్తుంది. ఆ ఎలుగుబంటికి కాగితాల మీద ఏదో నంబరుంది కానీ అందరూ బామ్మ అనే పిలుస్తారు. కళ్ళు సరిగ్గా తెరవని పిల్లగా వచ్చిందట, ఇప్పుడు దానికి ఇరవై ఆరేళ్ళు. ఈ ఇరవై ఆరేళ్ళలో సిమెంటు నేల తప్ప ఇంకో నేల ఎరగదు. అరికాళ్ళు పగిలి, చలికాలంలో నెత్తురు కారుతుంది. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే మా తమ్ముడు కడ్డీల సందులోంచి దాని కాళ్ళు పట్టుకుని మందు రాస్తాడు. మా మరదలైతే, నాకు సవతి ఉంది, ఒళ్ళంతా బొచ్చు అని నలుగురిలోనూ చెబుతుంది. వాడు సిగ్గుపడడు సరికదా మురిసిపోతాడు.

కిందటేడు ఒక పెద్దమనిషి జూలో ఒక జంతువుకు కొత్త ఇల్లు కట్టిస్తానని ముందుకొచ్చాడు. ఒక్కటంటే ఒక్కటే. పాతబడిపోయిన ఇళ్ళు ఐదున్నాయి: ఎలుగుబంటిది, దుమ్ములగొండుల జంటది, నీటికుక్కలది, గద్దలది, కోతులది. జూకి పెద్దదిక్కు మా డాక్టరమ్మ. ఆవిడ తెలివైన మనిషి. నేను ఒకరికి ఇస్తే నలుగురు నా మొహం చూడరు, మీ ఐదుగురు కీపర్లూ కూర్చుని తేల్చుకోండి, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను అంది.

కూర్చున్నారు, దాణా స్టోరులో బస్తాల మీద. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఎవరి జంతువు వాళ్ళకు దిక్కులేనిదిలా కనిపించింది. రెండు గంటల్లో గంటన్నర మా తమ్ముడే మాట్లాడాడు. మిగిలిన అరగంట కోసం నీటికుక్కలు చూసే ఆవిడా, గద్దల తాతా, కోతుల మేస్త్రీ కొట్టుకున్నారు. ఐదోవాడు దుమ్ములగొండుల కీపరు. అతన్ని అందరూ మౌని అంటారు. తలుపు దగ్గర బస్తా మీద టోపీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నీ సంగతేమిటని అడిగితే, మీ ఇష్టం అన్నాడు. అంతకు మించి అతని నోట్లోంచి మాట రాలేదు. నోరున్నవాడిదే రాజ్యం అంటారు చూడండి, ఆ రోజు నిర్ణయం జరిగి ఉంటే ఇల్లు మా తమ్ముడికే వచ్చేది.

కానీ గొడవ డాక్టరమ్మ చెవిన పడింది. ఆవిడ స్టోరు గుమ్మంలో నిలబడి మా ఆయన వైపు చూసి, నీకు జంతువు లేదు కదా, ఇది నీ చేతుల మీదుగా తేల్చు అంది. మా తమ్ముడి మొహం చూడాలి అప్పుడు. బావ చేతిలో పడిందంటే తన చేతిలో పడినట్టే అనుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు, సాయంత్రానికల్లా కొత్త ఇంట్లో బామ్మ పడుకునే మూల ఎటువైపు ఉండాలో అందరికీ చెబుతున్నాడు.

మర్నాడు పళ్ళ సంచీ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కాసేపు వాళ్ళ బావను ఆట పట్టించాడు, కాసేపు పొగిడాడు, చివరికి గొంతు తగ్గించాడు. వాడు గొంతు తగ్గించడం నేను మా నాన్న పోయిన రోజు చూశాను, మళ్ళీ ఆ రోజు చూశాను.

"బావా, ఇంకో రెండు మూడేళ్ళు బతుకుతుందేమో అది. ఒక్కసారి దాని కాళ్ళు మట్టికి తగలాలి. ఇంకేం అడగను నిన్ను."

మా ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఎలుగుబంటి గురించి నువ్వు చీటీ రాయవు, నేనూ రాయను, మిగతా నలుగురు రాస్తారు అన్నాడు. పళ్ళ సంచీ కూడా తిరిగిచ్చేశాడు. తమ్ముడు ముద్దైనా ముట్టకుండా వెళ్ళిపోయాడు. అటు తోడబుట్టినవాడు, ఇటు కట్టుకున్నవాడు, నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

ఆయన పెట్టిన పద్ధతి చెబుతాను, కష్టమేమీ కాదు. ముందు ఐదుగురినీ కూర్చోబెట్టి, జంతువుకు ఏయే విషయాల్లో కష్టం ఉండవచ్చో చెప్పమన్నాడు. గంటసేపు తర్జనభర్జన పడి నాలుగింటికి వచ్చారు: చోటు, నేల, చప్పుడు, ఒంట్లో బాగు. ఈ నాలుగింటిలో ఏది ఎక్కువ ముఖ్యమో రెండేసి పెట్టి అడిగాడు. చిత్రం చూడండి, మీటింగులో అందరూ మాది ఇరుకు, మాది ఇరుకు అని గొంతు చించుకున్నారా, చీటీల మీద విడివిడిగా రాయమంటే చోటు ఆఖరికి పోయింది. ఒంట్లో బాగు మొదటిది, తరువాత నేల, తరువాత చప్పుడు. కోతుల మేస్త్రీ తాను రాసింది చూసుకుని తానే ఆశ్చర్యపోయాడు.

ఆ తరువాత అసలు చీటీలు. ప్రతి చీటీ మీదా రెండు జంతువుల పేర్లు, ఒక విషయం. ఆ విషయంలో ఎవరికి ఎక్కువ కష్టమో వాళ్ళ పక్కన టిక్కు. కొంచెం ఎక్కువైతే ఒకటి, బాగా ఎక్కువైతే రెండు, మరీ ఎక్కువైతే మూడు. ముఖ్యమైన విషయంలో పెట్టిన టిక్కుకు మార్కులు ఎక్కువ. ఎవరి జంతువు గురించి వాళ్ళు రాయకూడదు, మిగతా నాలుగింటి గురించే రాయాలి. మనిషికి ఇరవై నాలుగు, ఐదుగురికి నూట ఇరవై చీటీలు. వాటిని కత్తిరించింది ఎవరనుకున్నారు? నేనే. టికెట్లు చింపే చేతికి ఇదొక లెక్కా అన్నాడు ఆయన.

జూకి సెలవు రోజున మధ్యాహ్నం మా భోజనాల బల్ల మీద లెక్క కట్టాం. ఆయన చదువుతుంటే నేను గీతలు గీశాను. తిరగలి చీటీలు రెండు చోట్ల వచ్చాయి, వాటిని పక్కన పెట్టాడు. అవి ఎటు తిప్పినా మారనంత తేడాతో ఎలుగుబంటి మొదట వచ్చింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. దాచుకోవడం ఎందుకు, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి.

ఈయన మాత్రం లేవలేదు. దుమ్ములగొండుల చీటీలు, చప్పుడు గురించి రాసినవి, విడిగా ఏరి వరసగా పేర్చాడు. ఒక్కరు కూడా వాటికి టిక్కు పెట్టలేదు. మూలన చల్లగా పడుంటాయి, వాటికేం చప్పుడు అని అందరూ అనుకున్నారన్నమాట. పంపు మోటారు ఏ వేళల్లో నడుస్తుందని ఆయన నన్నడిగాడు. గేటు దగ్గర కూర్చునేదాన్ని, నాకు తెలియకేం. పొద్దున్న ఐదున్నర నుంచి ఎనిమిది దాకా, మళ్ళీ సాయంత్రం గేటు మూశాక. జనానికి ఇబ్బంది అని గేటు తెరిచి ఉన్నప్పుడు నడపరు. దుమ్ములగొండుల ఇంటి వెనక గోడ, పంపు గది గోడ ఒకటే.

చెబుతూ చెబుతూనే నాకూ వెలిగింది. ఆ రెండున్నర గంటలూ కీపర్లందరూ ఎవరి ఇల్లు వాళ్ళు కడుక్కుంటూ ఉంటారు. పక్కవాడి జంతువును చూడాలంటే మధ్యాహ్నం తీరికప్పుడు, అంటే జనం చూసే వేళకే చూస్తారు. ఏళ్ళ తరబడి ఒకే గోడల మధ్య పని చేస్తున్న మనుషులు ఒకరి జంతువును ఒకరు పొద్దున్నపూట చూడనే లేదు. ఆ సంగతి వాళ్ళకూ తోచలేదు, మా ఆయనకూ తోచలేదు.

"చూడనిదానికి మార్కులు వేశారు," అన్నాడు. "వెయ్యమన్నవాణ్ణి నేనే. ఈ లెక్క చెల్లదు."

నోటి దగ్గరికి వచ్చిన కూడు తీసేస్తున్నారు అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయను. నీ తమ్ముడు అడిగింది న్యాయమే, మౌని అడగలేకపోయింది కూడా న్యాయమే కావచ్చు కదా అన్నాడు. పైగా మొదటి లెక్క బయట చెప్పవద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా వాళ్ళందరికీ తెలుసు. అలాంటిదాన్ని రెండు వారాలు నోరు కట్టుకుని కూర్చున్నాను, తమ్ముడు కిటికీ ముందు నుంచి పోయినప్పుడల్లా టికెట్ల కట్ట వైపు చూస్తూ.

ఒక్కొక్క కీపరూ నాలుగు పొద్దులు, ఒక్కో పొద్దు ఒక్కో ఇంట్లో పనిచేయాలని ఆయన ఏర్పాటు చేశాడు. అందరూ సణిగారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి బావ అని మా తమ్ముడు నాతోనే అన్నాడు. కోతులు తాత కళ్ళద్దాలు లాక్కుని చెట్టెక్కాయి. కోతుల మేస్త్రీ నీటికుక్కల దగ్గర నడుం దాకా తడిసి వచ్చాడు. నవ్వుకోవడానికి బాగానే ఉంది ఆ వారమంతా.

మూడోనాడు మా తమ్ముడు దుమ్ములగొండుల ఇంటికి వెళ్ళాడు. ఆ జంతువులంటే వాడికి మొదటినుంచీ ఎగతాళి. అవి అరిచే అరుపు నవ్వులా ఉంటుంది కదా, దాన్ని అనుకరించి పిల్లలను నవ్వించేవాడు. ఆ రోజు గేటు తెరిచే వేళకు నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నీళ్ళు అడిగాడు. తాగి చెప్పాడు. మోటారు మొదలవగానే ఆ రెండూ అవతలి మూలకు పరుగెత్తి ఒకదాని మీద ఒకటి పడిపోతాయట. ఆడది మొహాన్ని మగదాని పొట్ట కింద దూర్చేస్తుందట. రెండున్నర గంటలూ వణుకుతూనే ఉంటాయి. ఆడది తన ముంగాలు తానే కొరుక్కుని బొచ్చు లేకుండా చేసుకుంది. మౌని ఖాళీ గోనెలు గోడకు వేలాడదీసి, ఆ గోడకు వీపు ఆనించి, ఆ జంతువులకూ గోడకూ మధ్యలో కూర్చుంటాడు. ఆరేళ్ళుగా ప్రతి పొద్దూ అంతేనట. మోటారు ఆపితే జూ అంతటికీ నీళ్ళుండవు, గదిని జరపాలంటే బావిని జరపాలి. ఎవరికి చెప్పుకుంటాడు?

"అది నవ్వు కాదక్కా," అన్నాడు తమ్ముడు. "అది నవ్వు కాదు."

గ్లాసు కిటికీ మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు మొదటి టికెట్ కోసం వచ్చిన ఆవిడకు నేను చిల్లర తప్పు ఇచ్చాను.

మళ్ళీ నూట ఇరవై చీటీలు, మళ్ళీ సెలవు రోజు, మళ్ళీ మా భోజనాల బల్ల. ఈసారి తిరగలి చీటీ ఒక్కటీ లేదు. దుమ్ములగొండులు మొదట వచ్చాయి. మూడు మార్కుల తేడాతో ఎలుగుబంటి రెండోది.

చీటీల మీద పేర్లుండవు. కానీ మా తమ్ముడి టిక్కు నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ గాలం ముల్లులా తోక తిప్పి పెడతాడు. దుమ్ములగొండులను నీటికుక్కలతో, గద్దలతో, కోతులతో పోల్చే చీటీలు వాడికీ వచ్చాయి. చప్పుడు దగ్గర మూడు చీటీల మీదా మూడేసి గాలాలు. ఒంట్లో బాగు దగ్గర రెండేసి. తక్కువ చేసి రాస్తే అడిగేవాడు లేడు, పట్టుకునేవాడు లేడు.

"ఒక్కో టిక్కు తగ్గించి పెట్టినా వాడి ఎలుగుబంటే గెలిచేది," అన్నాడు మా ఆయన.

"వాడికి తెలుసంటారా?"

"ఈ లెక్కంతా తెలియకపోవచ్చు. ఏం పెడుతున్నాడో మాత్రం తెలిసే పెట్టాడు."

నాకు వాడి మీద కోపం వచ్చింది, వెంటనే గర్వం వచ్చింది, రెండూ కలిసి ఏడుపు వచ్చింది. వెధవ, అమ్మకు ఒక్కనాడు నిజం చెప్పి ఎరగడు, ఇక్కడికొచ్చి సత్యసంధుడయ్యాడు. మా ఆయన నా చేతిలోంచి చీటీలు తీసుకుని కట్ట కట్టాడు.

మర్నాడు స్టోరులో ఫలితం చెప్పారు. మౌని టోపీ కింద పడేసుకున్నాడు. మా తమ్ముడు వెళ్ళి అతని భుజం తట్టి, మందు రాయాల్సిన వేళైందని గుమ్మం వైపు తిరిగాడు. వాడి నడకలోనే ఉంది వాడి బాధ, నేను చూడలేకపోయాను.

ఆగరా అన్నాడు మా ఆయన. ఫలితంతో పని అయిపోయిందని అందరూ అనుకున్నారు కానీ ఆయన ఇంకో కాగితం తెచ్చాడు. అందులో ఎలుగుబంటికి వచ్చిన టిక్కులన్నీ విషయాల వారీగా విడదీసి ఉన్నాయి. చోటు దగ్గర ఇంచుమించు ఏమీ లేదు. ముసలిది, ఉన్న చోటులోనే సగం తిరగదు. చప్పుడు దగ్గర సున్నా. ఒంట్లో బాగు దగ్గర వచ్చినవన్నీ కాళ్ళ గురించే. నేల దగ్గర మాత్రం రాసిన నలుగురూ, ఎవరితో పోల్చినా, మూడేసి టిక్కులు పెట్టారు. బామ్మ ఇంట్లో పనిచేసిన పొద్దున ఆ అరికాళ్ళు వాళ్ళందరూ కళ్ళారా చూశారు మరి. దీనికి కొత్త ఇల్లు కావాలని ఈ కాగితం చెప్పడం లేదు, నేల కావాలని చెబుతోంది అన్నాడు మా ఆయన.

కాగితం ఐదుగురి చేతులూ తిరిగింది.

"ఆ సిమెంటు పగలగొడదాం," అన్నాడు మౌని.

అందరం అతని వైపు తిరిగాం. అంత మంది చూసేసరికి అతను టోపీ తీసుకుని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు కానీ అన్నమాట అన్నాడు.

మట్టి వేస్తే ఎలుగుబంటి గోడ కింద సొరంగం తవ్వి పోతుందని ఎప్పటిదో ఒక నియమం ఉంది. ఆ నియమం రాసినప్పుడు బామ్మ పడుచుది, ఇప్పుడు పళ్ళు కూడా సగం లేవు. గోడల వెంట మూడడుగుల సిమెంటు అలాగే ఉంచి మధ్యలో పగలగొట్టుకోండని డాక్టరమ్మ ఒప్పుకుంది. బామ్మను లోపలి గదిలో ఉంచి, సెలవు రోజున ఐదుగురూ గునపాలు, సమ్మెటలు పట్టుకుని దిగారు. తాతను పక్కన కూర్చోమంటే కూర్చోలేదు. నీటికుక్కల ఆవిడ పెళ్ళలు తట్టకెత్తింది. నేను టీ మోసుకెళ్ళాను. గట్టిగా కొలిస్తే నాలుగంగుళాల సిమెంటు, దాని కింద నల్లటి తడి మట్టి, వానపాములతో సహా. ఇరవై ఆరేళ్ళూ దానికీ మట్టికీ మధ్య ఉన్నది అంతే. మా తమ్ముడు ఒక పిడికెడు మట్టి తీసి వాసన చూసి బావకిచ్చాడు. ఆయన కళ్ళు మూసుకుని వాసన చూసి, బాగుందన్నాడు.

మూడు రోజుల తరువాత, పైన ఇంకాస్త మట్టి, ఎండుటాకులు పోసి, లోపలి గది తలుపు ఎత్తారు. గేటు ఇంకా తెరవలేదు, అందుకని నేనూ వెళ్ళాను. బామ్మ గుమ్మం దాకా వచ్చి ఆగింది. మూతి కిందికి దించి వాసన చూసింది. ఒక కాలు పెట్టింది, వేడి పెనం మీద పెట్టినట్టు తీసేసుకుంది. వెనక్కి పోయి గదిలో కూర్చుంది. అలా పదిసార్లు జరిగి ఉంటుంది. మా తమ్ముడు కడ్డీలు పట్టుకుని, రా తల్లీ, రా అంటున్నాడు. వాడికి చెమటలు పట్టాయి. దానికి మట్టి అంటేనే భయమైతే ఎలాగక్కా అన్నాడు నాతో. నాకూ అదే భయం పట్టుకుంది.

పదకొండోసారి కాలు పెట్టి తీయలేదు. రెండో కాలు పెట్టింది. నాలుగూ పెట్టి, కదలకుండా చాలాసేపు నిలబడింది. తరువాత ముంగాలితో ఒకసారి గీకింది. మట్టి ఎగిరింది. దానికి తానే ఉలిక్కిపడింది. మళ్ళీ గీకింది. ఇక చూడండి, రెండు చేతులా తవ్వడం మొదలెట్టింది, ఆ పగిలిన కాళ్ళతోనే, మూతి నిండా మట్టి, తుమ్ములు, గుర్రుమనడం. ఒళ్ళు పట్టేంత గుంత తవ్వి, అందులో మూడు చుట్లు తిరిగి, పడుకుని నిద్రపోయింది. ఇరవై ఆరేళ్ళలో అది పగలు ఒళ్ళు వదిలేసి నిద్రపోవడం ఎవరూ చూడలేదట. మా తమ్ముడు నా భుజం మీద తల పెట్టి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. గేటు పావుగంట ఆలస్యంగా తెరిచాం, డాక్టరమ్మ ఏమీ అనలేదు.

చలికాలం వెళ్ళేసరికి దాని కాళ్ళు మానాయి. అప్పటికి కొత్త ఇల్లు గోడలు లేచాయి. అది పంపు గదికి బాగా దూరం, జూకి అవతలి కొస. ఒకరోజు మౌని చూసొద్దాం రమ్మంటే మా తమ్ముడు వెంట వెళ్ళాడు. తిరిగొచ్చి నేరుగా స్టోరుకు వచ్చాడు. నేను బావకు మధ్యాహ్నం డబ్బా ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

"బావా, చీటీలన్నిటి మీదా నేల, నేల అని రాయించావు. ఆ కొత్త ఇంట్లో నేల ఏమిటని ఎవరమైనా అడిగామా?"

మా ఆయన ఆలోచించాడు. అడగలేదని ఒప్పుకున్నాడు. ప్లాను ఎవరూ తెరిచి చూడలేదు, కొత్తదంటే అన్నీ ఉంటాయనుకున్నాం.

"సిమెంటు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, కడగడానికి వీలుగా ఉంటుందట. ఇవాళే పోశారు." వాడు బస్తా మీద కూర్చున్నాడు. "నేనే గెలిచి ఉంటే దాన్ని సిమెంటు మీంచి తీసుకెళ్ళి సిమెంటు మీద పెట్టేవాణ్ణి బావా. మిఠాయి పంచి మరీ పెట్టేవాణ్ణి."

మా ఆయన కళ్ళద్దాలు తీశాడు కానీ తుడుచుకోలేదు, అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి లేచి, పోసింది గట్టిపడేలోపు సగమైనా తీయిస్తానని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. భోజనం డబ్బా తీసుకెళ్ళడం మరిచిపోయాడు. తమ్ముడు చేతులు కడుక్కుని బామ్మకు తిండి పెట్టడానికి వెళ్ళాడు. పిలిస్తే గుంతలోంచి ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుందట. గిన్నె గుంత అంచున పెట్టి వచ్చేశాడు.